సూపర్‌మార్కెట్ పక్క షట్టర్: అడ్వాన్సు ఇచ్చే ముందు

విశాఖలో మధురవాడ, పి.ఎం.పాలెం, పెందుర్తి, కూర్మన్నపాలెం వైపు వస్తున్న కొత్త కాంప్లెక్సులు చాలావరకు ఒకే తీరు. పెద్ద జాగా సూపర్‌మార్కెట్‌కి, దాని ముందూ పక్కనా చిన్న చిన్న షట్టర్లు. ఆ షట్టర్లు అద్దెకు తీసుకోబోతున్న పాఠకుల ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం. లెక్కల్లో వేసిన అద్దెలు అర్థం కావడానికే. వాటిని ఏ ప్రాంతపు రేటుగానూ తీసుకోవద్దు.

మందుల షాపు పెట్టాలని రెండు కాంప్లెక్సులు చూశాం. ఒకచోట 600 చదరపు అడుగులు, అడుగు 80 రూపాయలు. రెండోచోట 500 అడుగులు, అడుగు 90. రెండుచోట్లా మెయింటెనెన్స్ అడుగుకి 12. మొదటిదే చవకని ఇంట్లో అంటున్నారు. ఏది మేలు?
— ఒక పాఠకురాలు, మధురవాడ

ఆ 600, 500 అన్నవి సూపర్ బిల్టప్ కొలతలు. అందులో మెట్లు, లిఫ్టు, వరండా, గోడల మందం అన్నీ కలిసి ఉంటాయి. మీరు ర్యాకులు పెట్టుకునేది కార్పెట్ ఏరియాలో మాత్రమే. టేపు పట్టుకెళ్లి లోపలి గోడ నుంచి లోపలి గోడకి కొలవండి. షట్టర్ బాక్సు, స్తంభాలు ఎంత తింటున్నాయో వేరుగా రాసుకోండి.

మొదటి షాపులో లోపలి కొలత 390 అడుగులు, రెండోదాంట్లో 400 వచ్చిందనుకుందాం. మొదటిదానికి అద్దె 48,000, మెయింటెనెన్స్ 7,200, మొత్తం 55,200. వాడుకునే అడుగుకి 141 రూపాయల పైమాటే. రెండోదానికి 45,000, 6,000 కలిపి 51,000. అడుగుకి 127 రూపాయల 50 పైసలు. చవక అనుకున్నదే ఖరీదైంది. అందుకే అగ్రిమెంటులో కార్పెట్ ఏరియా అంకె రాయించండి, కొలిచిన ప్లాను జత చేయించండి. ‘సుమారు 600 అడుగులు’ అన్న మాట రేపు తగాదాలో మీకు అక్కరకు రాదు.

మందుల షాపుకి ఇంకో రెండు సంగతులు. రిటైల్ డ్రగ్ లైసెన్సుకి కనీసం 10 చదరపు మీటర్లు, అంటే దాదాపు 108 చదరపు అడుగులు ఉండాలి. రెండుచోట్లా ఆ ఇబ్బంది లేదు. ఇన్సులిన్, వ్యాక్సిన్ల ఫ్రిజ్‌కి మాత్రం కరెంటు పోతే జనరేటర్ లైను కావాలి. ఆ లైను మీ షాపుదాకా ఉందా, జనరేటర్ యూనిట్ ఎంతకు లెక్కిస్తారు, రాత్రి సూపర్‌మార్కెట్ మూశాక కూడా నడుపుతారా అని అడగండి. చాలా కాంప్లెక్సుల్లో సూపర్‌మార్కెట్ షట్టర్ దించగానే గేటు మూసి లైట్లు ఆర్పేస్తారు. మందుల షాపుకి రాత్రి బేరం ముఖ్యం కాబట్టి మీ షాపు వేళలు, గేటు వేళలు అగ్రిమెంటులోకి ఎక్కాల్సిందే.

గాజువాక దగ్గర కొత్త కాంప్లెక్సులో బేకరీకి షాపు మాట్లాడుకున్నాం. ‘పెద్ద సూపర్‌మార్కెట్ వస్తోంది, జనం కిటకిటలాడతారు’ అని ఎక్కువ అద్దె చెబుతున్నారు. సూపర్‌మార్కెట్ ఇంకా తెరవలేదు. అడ్వాన్సు ఇచ్చేయమంటారా?
— ఒక పాఠకుడు, గాజువాక

ఇప్పుడే ఇవ్వొద్దు. ఓనరు చెట్టు పేరు చెప్పి కాయలమ్ముతున్నారు. ఆ చెట్టు నాటారో లేదో, ఎన్నాళ్లు ఉంటుందో మీరే చూసుకోవాలి. మీరు కట్టే అద్దెలో పెద్ద భాగం సూపర్‌మార్కెట్ తెచ్చే జనం కోసమే. ఆ జనం లేనప్పుడు ఆ అద్దె కూడా ఉండకూడదు. మీ అగ్రిమెంటు మొత్తం ఈ ఒక్క మాట మీద నిలబడాలి.

ముందు సూపర్‌మార్కెట్ కంపెనీకీ ఓనరుకీ లీజు నిజంగా అయిందా అని చూడండి. లీజుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి అది ఆ ఆస్తి ఈసీలో (రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) కనిపించాలి. రిజిస్టరైన లీజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోని ఒకటో నంబరు పుస్తకంలోకి ఎక్కుతుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం ఆ పుస్తకాన్ని ఎవరైనా చూడవచ్చు, ఫీజు కట్టి సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. ఈ సౌకర్యం ఉన్న సంగతే చిన్న వ్యాపారుల్లో చాలామందికి తెలియదు. కాపీ చేతికొచ్చాక కాలపరిమితి ఎంత, కంపెనీకి లాకిన్ (ఖాళీ చేయకూడని గడువు) ఎన్నేళ్లు, ఎన్ని నెలల నోటీసుతో ఖాళీ చేయవచ్చు అన్నవి చూడండి. కంపెనీకి మూడేళ్ల లాకిన్ పెట్టి మీకు ఐదేళ్లు పెడితే ఆఖరి రెండేళ్ల భారం మీ నెత్తినే పడుతుంది. మీ లాకిన్ వాళ్ల లాకిన్ కంటే పొడుగ్గా ఉండకూడదు. ఈసీలో లీజు లేకపోతే వాళ్ల మధ్య ఒప్పంద పత్రం మాత్రమే ఉండి ఉంటుంది. అది రద్దయినా మీకు తెలిసే దారి లేదు.

ఆ తర్వాత మీ అగ్రిమెంటు. అద్దె ఏ తేదీ నుంచి మొదలవుతుందో చెప్పే వాక్యంలో ‘షాపు సిద్ధం చేసుకునే గడువు ముగిసిన రోజు, సూపర్‌మార్కెట్ వినియోగదారులకు తెరిచిన రోజు, ఈ రెండింటిలో ఏది తర్వాతైతే అది’ అని రాయించండి. నడుస్తున్న సూపర్‌మార్కెట్ మూతపడితే ఏం జరగాలో కూడా ఉండాలి. వరసగా 60 లేదా 90 రోజులు మూసి ఉంటే అద్దె సగానికి తగ్గాలి. ఆరు నెలలు దాటితే లాకిన్ వర్తించకుండా మీరు ఖాళీ చేయవచ్చు, అడ్వాన్సు 30 రోజుల్లో తిరిగి రావాలి. ఓనర్లు దీనికి మొదట ఒప్పుకోరు. శాతం మీదా నెలల మీదా బేరమాడండి, షరతును మాత్రం వదలొద్దు.

ఇందులో ‘తెరిచి ఉండటం’ అంటే ఏమిటో వివరంగా రాయించాలి. ఇప్పుడు కొన్ని దుకాణాలు ఆన్‌లైన్ ఆర్డర్ల గోదాములుగా మారిపోతున్నాయి. షట్టర్ తెరిచే ఉంటుంది, కంపెనీ అద్దె కడుతూనే ఉంటుంది, లోపలికి వచ్చేది మాత్రం డెలివరీ కుర్రాళ్లే. మీ బేకరీ వైపు చూసేవాళ్లుండరు. అందుకని ‘కనీసం నాలుగింట మూడొంతుల విస్తీర్ణంలో నేరుగా వచ్చే వినియోగదారులకు కిరాణా అమ్మకం జరుగుతూ ఉండాలి’ అన్న మాట పెట్టించండి. ఖాళీ అయిన జాగాలో ఫర్నిచర్ షోరూమ్ పెట్టి ‘ఇంకొకరిని తెచ్చాం కదా’ అనకుండా, బదులుగా వచ్చేది కూడా నిత్యావసరాల దుకాణమే కావాలని చేర్చండి. సోఫా కొనేవాళ్లు ఏళ్లకోసారి వస్తారు, పాల ప్యాకెట్ కొనేవాళ్లు రోజూ వస్తారు. బేకరీని నిలబెట్టేది ఈ రెండోవాళ్లే.

ఇప్పటికే నడుస్తున్న కాంప్లెక్సు చూసే పాఠకులకు ఒక మాట. బిల్లింగ్ కౌంటర్ల దగ్గర నిలబడి బయటికొచ్చేవాళ్లను లెక్కపెట్టండి. మామూలు రోజు సాయంత్రం 6 నుంచి 9 దాకా ఒకసారి, ఆదివారం ఒకసారి, జీతాలు పడే మొదటి వారంలో, చేతులు ఖాళీ అయ్యే మూడో వారంలో ఒక్కోసారి. ఎంతమంది వచ్చారన్నదానికంటే ఎటు తిరిగారన్నది ముఖ్యం. సెల్లార్ పార్కింగ్ నుంచి లిఫ్టు నేరుగా సూపర్‌మార్కెట్‌లోకి వెళ్తే, వచ్చినవాళ్లు అలాగే కిందికి దిగి బండెక్కి వెళ్లిపోతారు. ముందు వరసలో షట్టర్లున్న సంగతి కూడా వాళ్లకు తెలియదు. అలాంటిచోట ఎంత పేరున్న సూపర్‌మార్కెట్ ఉన్నా మీకు ఒరిగేది తక్కువ. బిల్లు కట్టి బయటికొచ్చే దారి మీద, ట్రాలీలు వదిలే చోట ఉన్న షాపుకి అడుగుకి పది రూపాయలు ఎక్కువైనా అదే తీసుకోండి.

పి.ఎం.పాలెంలో కర్రీ పాయింట్ పెడదామని 350 అడుగుల షాపు చూశాం. ‘ఖాళీ షెల్ ఇస్తాం, మిగతాది మీరు చేసుకోండి’ అంటున్నారు. ఏమేం చూసుకోవాలి?
— ఇద్దరు అన్నదమ్ములు

వంట వ్యాపారానికి అద్దె కంటే ముందు తేలాల్సింది పొగ, నీళ్లు, కరెంటు, గ్యాసు. ఈ నాలుగూ కుదరని షాపు ఉచితంగా ఇచ్చినా వద్దు.

పొగ గొట్టం టెర్రస్ దాకా వెళ్లాలి, పిట్టగోడ కంటే పైకి లేవాలి. దానికి షాఫ్ట్ ఉందా, అందులో మీకు జాగా ఇస్తారా అన్నది ప్లాను మీద గీయించి అగ్రిమెంటుకి జత చేయించండి. పక్క సందులోకి వదిలేద్దాం అంటారు. పోపు వాసన పై అంతస్తు వాళ్లకి తగిలిన వారంలోనే నగరపాలక సంస్థ జీవీఎంసీకి ఫిర్యాదు వెళ్తుంది. గొట్టం అడ్డంగా సాగే చోట నూనె జిడ్డు పేరుకుని నిప్పంటుకుంటుంది. కాబట్టి అడ్డం తక్కువగా, నిలువు ఎక్కువగా వేయించి, వంపు ఉన్న ప్రతిచోటా శుభ్రం చేసేందుకు చిన్న తలుపు పెట్టించండి.

షాపు కింద సెల్లార్ ఉంటే మీ నేల అంటే దాని పైకప్పే. సింకు గొట్టానికి స్లాబులో రంధ్రం వేయాలంటే స్ట్రక్చరల్ ఇంజినీరు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. లోపల ఉక్కు కేబుళ్లు బిగించి పోసిన పోస్ట్ టెన్షన్ స్లాబ్ అయితే ఆ కేబుల్ తెగే ప్రమాదం ఉంది. రంధ్రం ఓనరే వేయించి ఇవ్వాలని అడగండి. సింకు నీళ్లు మురుగు లైన్‌లో కలిసే ముందు జిడ్డును ఆపే గ్రీజ్ ట్రాప్ పెట్టి, పేరుకున్నది వారం వారం తీయించండి. లేకపోతే సెల్లార్ లైను పూడుకుపోతుంది, ఆ ఖర్చు మీ అడ్వాన్సులోంచి కోస్తారు.

కరెంటుకి ముందు కాగితం మీద లెక్క వేయండి. కూరలు వేడిగా ఉంచే బెయిన్ మేరీ 3 కిలోవాట్లు, ఒకటిన్నర టన్నుల ఏసీ 1.7, రెండు హెచ్‌పీ బ్లోయర్ 1.5, గ్రైండర్ 0.75, డీప్ ఫ్రీజర్ అర, లైట్లు, ఫ్యాన్లు ఇంకో అర. దాదాపు ఎనిమిది అయింది. పది కిలోవాట్ల త్రీఫేజ్ అడగండి. మీటరు మీ పేరున విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ నుంచి నేరుగా వస్తుందా, ఓనరు సబ్ మీటరు పెట్టి యూనిట్‌కి తన రేటు వేస్తారా? సబ్ మీటరైతే ‘ఈపీడీసీఎల్ బిల్లు రేటుకు మించకుండా’ అని రాయించండి. లోడు పెంచే ఖర్చు ఎవరిదో కూడా అక్కడే తేల్చుకోండి.

గ్యాసు గాలి కంటే బరువైనది. లీకైతే కిందికి, సెల్లార్ ర్యాంపు వైపు పారుతుంది. సిలిండర్లు సెల్లార్‌లో పెట్టొద్దు, ర్యాంపు దగ్గరా వద్దు. గాలి ఆడే బయటి చోటు అడగండి. లైసెన్సు లేకుండా 100 కిలోల వరకే ఉంచుకోవచ్చు, అంటే 19 కిలోల కమర్షియల్ సిలిండర్లు ఐదు.

అద్దె లేని గడువు 45 నుంచి 60 రోజులు అడగండి. అది సంతకం చేసిన రోజు నుంచి కాకుండా కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్ చేతికొచ్చిన రోజు నుంచి మొదలవ్వాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాని భవనంలోకి వెళ్తే కరెంటు దగ్గరా ట్రేడ్ లైసెన్సు దగ్గరా ఆగిపోతారు, అద్దె మీటరు మాత్రం ఆగదు.

మా ఓనరు ‘ప్రతిసారీ 11 నెలల అగ్రిమెంట్ రాసుకుందాం, రిజిస్ట్రేషన్ ఖర్చు దండగ’ అంటున్నారు. షాపు లోపలి పనికి 9 లక్షలు పెడుతున్నాం.
— ఒక పాఠకుడు, పెందుర్తి

తొమ్మిది లక్షలు పెట్టి 11 నెలల కాగితం పుచ్చుకోవద్దు. పదకొండు నెలలకి రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్నది ఆంధ్రప్రదేశ్‌లో నిజం కాదు; ఇక్కడ కాలపరిమితి ఎంతైనా లీజుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. గడువు తీరాక కొత్త కాగితం లేకుండా అద్దె కడుతూ కూర్చుంటే మీది నెలనెలా కౌలు అవుతుంది. దాన్ని 15 రోజుల నోటీసుతో ముగించవచ్చని ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ చెబుతోంది. ఐదేళ్ల అగ్రిమెంటు రాసుకుని రిజిస్టర్ చేయకపోయినా అంతే. అందులోని ఐదేళ్ల హక్కును కోర్టులో రుజువుగా చూపలేరు.

స్టాంపు డ్యూటీ కాలపరిమితి, అద్దెలను బట్టి ఉంటుంది. ఎంతవుతుందో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముందే లెక్క వేయించుకుని చెరిసగం భరిద్దామని ఓనరుకి చెప్పండి. లీజు మీద ఇద్దరూ సంతకం చేయాలి.

అద్దె పెంపు లెక్క కూడా చూడండి. నెలకు 50,000 అద్దె, తొమ్మిదేళ్ల లీజు అనుకుందాం. మూడేళ్లకోసారి 15 శాతమైతే మొత్తం 62,50,500 కడతారు. ఏటా 5 శాతమైతే 66,15,900 పైచిలుకు. మూడు ఐదులు పదిహేనే కదా అనిపిస్తుంది, తేడా మూడున్నర లక్షలు దాటింది. ‘పరస్పర అంగీకారంతో పొడిగింపు’ అన్న వాక్యానికి విలువ లేదు. పొడిగించే హక్కు మీదని, అప్పటి అద్దె ఎలా లెక్కించాలో రాస్తేనే అది హక్కు.

ఒక్క సంగతి చాలామంది వదిలేస్తారు. భవనం బ్యాంకు తనఖాలో ఉంటే, తనఖా పెట్టిన ఓనరు బ్యాంకు అనుమతి లేకుండా ఇచ్చే లీజు మూడేళ్లు మించకూడదని అదే చట్టం 65ఏ సెక్షన్ అంటుంది. తనఖా పత్రంలో షరతు ఉంటే ఆ మాత్రం కూడా కుదరకపోవచ్చు. ఈసీలో తనఖా కనిపిస్తే బ్యాంకు నుంచి లేఖ తెప్పించాకే డబ్బు కట్టండి. స్థలం ఒకరిది, కట్టినది బిల్డరు అయితే డెవలప్‌మెంట్ అగ్రిమెంటులో మీ షట్టరు ఎవరి వాటాకు వచ్చిందో చూడండి. అద్దె ఎవరికి కట్టాలన్న గొడవ మొదలయ్యేది అక్కడే.

చిరుధాన్యాలు, డ్రైఫ్రూట్స్, గానుగ నూనె అమ్మే షాపు పెట్టాలనుకుంటున్నాను. సూపర్‌మార్కెట్ పక్కన ఇస్తారా?
— ఒక పాఠకురాలు, వేపగుంట

ఓనరు ఇస్తారు. సూపర్‌మార్కెట్ ఒప్పుకోకపోవచ్చు. అదే ఆవరణలో కిరాణా, పండ్లు, కూరగాయలు అమ్మేవాళ్లకు షాపు ఇవ్వకూడదని పెద్ద కంపెనీలు తమ లీజులో షరతు పెట్టించుకుంటాయి. అది తెలియక మీరు ర్యాకులు కట్టించాక కంపెనీ నోటీసు పంపితే ఓనరు మిమ్మల్నే సరుకు మార్చమంటారు. పైన చెప్పిన సర్టిఫైడ్ కాపీలో ఈ షరతు వెతకండి. ఉంటే కంపెనీ నుంచి మీ సరుకు జాబితాకి అభ్యంతరం లేదన్న లేఖ కావాలి. లేకపోతే, అలాంటి నిషేధం లేదనీ, వస్తే మీ నష్టం తనదేననీ ఓనరు రాసివ్వాలి.

ఇక వ్యాపారం మాట. ప్యాకెట్ సరుకు ధరలో వాళ్లతో పోటీ పడలేరు. అక్కడ దొరకనిది మీ దగ్గర ఉండాలి: కళ్లముందు ఆడించిన రాగిపిండి, అప్పటికప్పుడు తీసిన నువ్వుల నూనె. అయితే గానుగ యంత్రానికి మోటారు, చప్పుడు, అదురు ఉంటాయి. ‘అమ్మకం’ అని మాత్రమే రాసిన అగ్రిమెంటుతో యంత్రం ఆడించడం కుదరదు. ‘తయారీ, అమ్మకం’ అని రాయించండి.

‘నెలకు 60,000, లేదా అమ్మకాల్లో 8 శాతం’ అంటున్నారు. ఇది మంచిదేనా?
— ఒక పాఠకుడు, ఎండాడ

‘రెండింటిలో ఏది ఎక్కువైతే అది’ అని ఉంటే పరవాలేదు. నెల అమ్మకం ఏడున్నర లక్షలు దాటేదాకా మీరు కట్టేది 60,000. తొమ్మిది లక్షలు అమ్మితే 72,000. ‘60,000తో పాటు మొత్తం అమ్మకం మీద 8 శాతం’ అని రాశారా, అదే తొమ్మిది లక్షలకు 1,32,000 అవుతుంది. ‘లేదా’ ఉందో ‘పాటు’ ఉందో చూసి సంతకం చేయండి. అమ్మకాల లెక్కలోంచి జీఎస్టీ, వాపసు వచ్చిన సరుకు తీసేయాలి. స్విగ్గీ, జొమాటో ఆర్డర్లు కాంప్లెక్సు జనం వల్ల వచ్చినవి కావు. వాటిని పక్కన పెట్టమని అడగండి, కనీసం వాళ్లు కోసుకునే కమీషన్ అయినా తగ్గించాలి.

ఓనరుకి జీఎస్టీ నంబరు లేదు. అద్దె మీద జీఎస్టీ మేం కట్టాలా?
— ఒక పాఠకుడు, గోపాలపట్నం

మీకు మామూలు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే కట్టాలి. 2024 అక్టోబర్ 10 నుంచి, రిజిస్ట్రేషన్ లేని ఓనరు వాణిజ్య అద్దె మీద 18 శాతం రిజిస్టరైన అద్దెదారే రివర్స్ ఛార్జ్‌గా కట్టాలి. ముందు నగదుగా కట్టి తర్వాత క్రెడిట్ తీసుకోవచ్చు, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవచ్చు. కంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకం మీద తక్కువ శాతం కట్టే పద్ధతిలో) ఉన్నవాళ్లకు 2025 జనవరి 16 నుంచి మినహాయింపు ఉంది. 5 శాతం జీఎస్టీలో నడిచే హోటళ్లు, రెస్టారెంట్లకు క్రెడిట్ రాదు కాబట్టి ఈ 18 శాతం పూర్తిగా ఖర్చే. అద్దె బేరంలోనే దాన్ని కలిపి చూసుకోండి. నెల అద్దె 50,000 దాటితే టీడీఎస్ (అద్దెలోంచి మీరు కోసి కట్టే ఆదాయ పన్ను) సంగతి ఆడిటర్‌ని అడగండి. ఆడిట్ పరిధిలోకి రాని వ్యక్తులకు 2 శాతం, వచ్చేవాళ్లకు 10 శాతం.

మా షాపు ముందు బోర్డుకి ఓనరు ‘తర్వాత చూద్దాం’ అంటున్నారు. బీచ్‌కి దగ్గర కాబట్టి తుపాను భయం కూడా ఉంది.
— ఒక పాఠకురాలు, సాగర్‌నగర్

బోర్డు పొడవు, ఎత్తు, చోటు ఫొటో మీద గీసి ఇప్పుడే జత చేయించండి. రోడ్డు మీది పెద్ద బోర్డులో సూపర్‌మార్కెట్ పేరు కింద మీ పేరుకి ఒక పట్టీ అడగండి. రోడ్డు మీద వెళ్లేవాళ్లకు కనిపించేది అదే. జీవీఎంసీ బోర్డు ఫీజు ఎవరు కట్టాలో కూడా రాయించండి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు నగరంలో ముందుగా ఎగిరిపోయినవి బోర్డులు, పగిలినవి ముందు అద్దాలు. గాలి లెక్కల భారతీయ ప్రమాణంలో విశాఖకు ప్రాథమిక వేగం సెకనుకు 50 మీటర్లు. బోర్డు కట్టేవాళ్లకు ఆ అంకె చెప్పి ఫ్రేము వేయించండి. ఉప్పుగాలికి మామూలు మేకులు, బోల్టులు త్వరగా తుప్పు పడతాయి. 316 రకం స్టెయిన్‌లెస్ బోల్టులు, హాట్ డిప్ గాల్వనైజ్ చేసిన ఫ్రేము వాడండి.

బీమాలో భవనం ఓనరుది. లోపలి పని, సరుకు, అద్దం, బోర్డు మీవి. పాలసీలో తుపాను, వరద కవరేజీ ఉందో లేదో చూడండి. అద్దానికీ బోర్డుకీ తరచుగా విడిగా అడగాల్సి వస్తుంది. భవనం దెబ్బతిని షాపు తెరవలేని రోజులకు అద్దె, మెయింటెనెన్స్ ఆగాలని అగ్రిమెంటులో ఒక వాక్యం ఉండాలి. అది లేకపోతే షట్టర్ మూసి ఉన్న నెలకు కూడా బిల్లు వస్తుంది.